రోలుగుంట కొనుగోలు కమిటీ

ఈ దేశంలో రోడ్డు అక్కర్లేని బండ్లకే నున్నటి రోడ్డు వేస్తారు. ఏటా జనవరి 26న టీవీలో చూస్తూనే ఉన్నాం. టి-90 భీష్మ ట్యాంకు 46 టన్నులుంటుంది. ఇసకలో పోతుంది, బురదలో పోతుంది, గాలి గొట్టం తగిలిస్తే ఐదు మీటర్ల లోతు నీళ్లలో మునిగి కూడా పోతుంది. అంతటి బండిని ఊరేగించడానికి ఢిల్లీలో కర్తవ్యపథ్ కావలసి వచ్చింది. ఆ రోడ్డు గీసుకుపోకూడదని గొలుసు పట్టాలకి రబ్బరు మెత్తలు కూడా తొడుగుతారు. ఇటు చోడవరం నుంచి నర్సీపట్నం వైపు పోయే ఆటోకి ఉన్నవి మూడే చక్రాలు, అవీ అరిగినవి. దానికి బి.ఎన్. రోడ్డు ఇచ్చారు.

బి.ఎన్. రోడ్డంటే భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు. ఇతర జిల్లాల పాఠకుల కోసం చెబుతున్నాను, మా వైపు వాళ్లకి నడుము చెబుతుంది. దీని గోతులు ఎన్నిసార్లు పూడ్చారో రోడ్ల శాఖ దగ్గర లెక్క ఉండే ఉంటుంది, గోతుల దగ్గర మాత్రం ఆ దాఖలా లేదు. గోతుల్లో వరినాట్లు వేసి నిరసన తెలపడం మా జిల్లాలో ఒక వ్యవసాయ పద్ధతిగా స్థిరపడింది. ఆ జిల్లా కూడా మారింది. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో పడి లేచేవాళ్లం, అప్పట్నుంచీ అనకాపల్లి జిల్లాలో పడి లేస్తున్నాం.

ఇన్నేళ్ల అనుభవంతో రోలుగుంటలో కొందరం ఒక నిర్ణయానికొచ్చాం. రోడ్డు బాగుచేయమని అడగడం మానేసి, ఉన్న రోడ్డుకు తగ్గ బండి వెతుక్కోవాలి. మన సైన్యం చేసేదీ ఇదే. ఎక్కడ నడవాలో ముందు చూసి, కావలసిన లక్షణాలు కాగితం మీద పెట్టి, బండిని ఎడారి ఎండలోనూ మంచు కొండల్లోనూ తిప్పి చూసి అప్పుడు కొంటారు. మేమూ కమిటీ వేసుకున్నాం. అధ్యక్షుడు మా మిలట్రీ మావ. జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీ నడిపి, ఆ తర్వాత స్టాలియన్ నడిపి, పింఛను మీద ఇంటికొచ్చాడు. ఊళ్లో ఏ బండి స్టార్టు కాకపోయినా ముందు ఆయన్నే పిలుస్తారు. ఆయన వచ్చి, ‘మా శక్తిమాన్‌లో ఇలా ఉండేది కాదు’ అని చెప్పి వెళ్లిపోతాడు.

మొదటి అభ్యర్థి అర్జున్ ట్యాంకు, మార్క్-1ఏ. చెన్నై దగ్గర ఆవడిలో చేస్తారు. 68 టన్నులు, 120 మిల్లీమీటర్ల ఫిరంగి, లోపల నలుగురు. ఇంత బరువు మన రోడ్డు మీదకొస్తే ఉన్న నాలుగు తారు పెంకులూ లేచిపోతాయని నేనన్నాను. మావ నా వైపు జాలిగా చూశాడు.

‘ఒరే అల్లుడూ, ట్యాంకు తొక్కితే నేలకి నొప్పెట్టదురా. లారీ తొక్కితేనే.’

నిజమేనని తర్వాత తెలిసింది. ట్యాంకు బరువంతా రెండు పొడుగాటి గొలుసు పట్టాల మీద పరుచుకుంటుంది. టి-90 లాంటి దాని కింద చదరపు సెంటీమీటరు నేల మీద పడేది కిలో లోపే. లారీ టైరు నేలను తాకే మేర చాటెడు కూడా ఉండదు. టైర్లో గాలి ఎంత బిగిస్తే దాదాపు అంత ఒత్తిడీ నేల మీద దిగుతుంది. చదరపు సెంటీమీటరుకు ఏడెనిమిది కిలోలు! పైగా ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లని రోడ్డు ఇంజనీర్ల లెక్క. రాతి క్వారీల నుంచి రాత్రనకా పగలనకా దిగే టిప్పర్లు ఈ లెక్క చదువుకున్నట్టు లేవు. కాబట్టి మా మండలం మీద శత్రువు ట్యాంకులతో దండెత్తినా బి.ఎన్. రోడ్డుకి ఇప్పుడున్న దానికంటే ఎక్కువ నష్టం జరిగే అవకాశం లేదని కమిటీ మినిట్సులో రాసుకుంది.

మావ ఇంకో సంగతి చెప్పాడు. సైన్యం బండి ముందు భాగంలో పసుపు గుండ్రం ఉంటుంది, అందులో ఒక అంకె. అది ఆ బండి బరువు తరగతి. సైన్యం తిరిగే దారుల్లో వంతెన మొదట్లో కూడా ఒక అంకె రాసి ఉంటుంది. బండి అంకె వంతెన అంకెను మించితే డ్రైవరు ఎవరైనా, వెనక కూర్చున్నది ఎంత పెద్ద ఆఫీసరైనా అక్కడ ఆగాల్సిందే. మా టిప్పర్ల ముఖాన కూడా రాతలున్నాయి: అమ్మవారి పేరు, పిల్లల పేర్లు, చెడు చూపు చూసేవాళ్ల గురించి ఒక హెచ్చరిక. అంకె మాత్రం లేదు. ఆ బరువు వేబిల్లు రాసేవాడికీ దేవుడికీ తెలియాలి, ఇద్దరూ సాక్ష్యానికి రారు.

ఫలితం విజయరామరాజుపేట దగ్గర తాచేరు మీద చూడొచ్చు. వంతెన కుంగింది. పక్కన ఏట్లోంచి డైవర్షన్ రోడ్డు వేశారు. వాన పడింది, డైవర్షన్ కొట్టుకుపోయింది. మళ్లీ వేశారు. మళ్లీ వాన పడింది. ప్రకృతికీ ప్రభుత్వానికీ మధ్య ఇంత క్రమశిక్షణగా సాగే కార్యక్రమం ఇంకోటి నేను చూడలేదు.

సైన్యం దగ్గర దీనికో మందుంది. పేరు సర్వత్ర. డీఆర్‌డీవో రూపకల్పన, తయారీ బీఈఎంఎల్. ఐదు లారీలు ఒక్కోటి 15 మీటర్ల ముక్కను వీపున మోసుకొస్తాయి. ఏటి ఒడ్డుకొచ్చి ఒకదాని తర్వాత ఒకటి విప్పుకుంటాయి. రెండు గంటల లోపే 75 మీటర్ల వంతెన! దాని మీంచి ట్యాంకులు దాటాక మడుచుకుని మళ్లీ వీపుకెత్తుకుని వెళ్లిపోతాయి. తాచేరు మీద పరిస్థితి వివరించి, రెండు గంటల్లో వంతెనంటే నమ్ముతావా అని మా ఊళ్లో ఒక చిన్న కాంట్రాక్టర్ని అడిగాను. ‘రెండు గంటలా? శంకుస్థాపనకి టెంటు వెయ్యడానికే సరిపోదు బాబూ’ అన్నాడు.

యుద్ధం సంగతి అలా ఉంచండి. 2024 జూలై చివర కేరళ వయనాడ్‌లో కొండ విరిగి పడితే మద్రాస్ సాపర్స్ అనే మన సైనిక ఇంజనీర్లు చూరల్‌మల దగ్గర వరద హోరులో రాత్రీ పగలూ పనిచేసి 190 అడుగుల బెయిలీ వంతెన నిలబెట్టారు. 31 గంటలు పట్టింది. ఆగస్టు 1కి దాని మీంచి అంబులెన్సులు, జేసీబీలు దాటాయి. ఆ రెజిమెంటులో తెలుగువాళ్లూ ఉంటారు. అంటే మనవాళ్లకి వంతెన కట్టడం రాక కాదు. ఊళ్లో ఉన్నంతసేపూ ఆ విద్య బయటపడదు, రైలెక్కించి బెంగుళూరు పంపి యూనిఫాం తొడిగితేనే పడుతుంది.

మా కుర్రాళ్లు ఆ రైలెక్కడానికి తెల్లవారుజామునే ఈ రోడ్డు మీద పరుగు తీస్తారు. అగ్నివీర్ పరీక్షలో 1.6 కిలోమీటర్ల పరుగుంది, బీమ్ ఉంది, తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం ఉంది. ఈ మూడోదానికి రోలుగుంటలో ఎవరూ కోచింగ్ తీసుకోరు.

ఫిరంగుల సంగతి తొందరగా ముగిస్తాను. రోడ్డు మీద గోతులు చెయ్యడానికి మాకు కొత్త సాధనాలు అక్కర్లేదు. కానీ బోఫోర్స్ గురించి మావ చెప్పింది వదలబుద్ధి కాలేదు. 1986లో స్వీడన్ నుంచి 410 కొన్నాం, 155 మిల్లీమీటర్లవి. కార్గిల్లో పరువు నిలబెట్టింది అవే. దాని గొప్పతనం ఏమిటంటే, గబగబా మూడు గుండ్లు పేల్చి, శత్రువు ఎక్కణ్నుంచని లెక్కగట్టేలోపు తన సొంత ఇంజనుతోనే ఆ చోటు ఖాళీ చేసి పోతుంది. ఇది విని కమిటీలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ప్యాచీ వేసి, బిల్లు పెట్టి, మొదటి వాన పడేలోపు జాగా ఖాళీ చేసే యంత్రాంగం మాకు ఏటా కనిపిస్తూనే ఉంది. బోఫోర్స్ ముడుపులు 64 కోట్లన్న గొడవ 1987లో లేచాక ముప్పై ఏళ్ల పాటు మన సైన్యం కొత్త పెద్ద ఫిరంగి కొనలేకపోయింది. ముట్టుకుంటే మళ్లీ ఏ కుంభకోణం బయటపడుతుందోనని ఫైలు కదిలిస్తే ఒట్టు. మా రోడ్డు ఫైలు కదలకపోవడానికి కారణం కూడా నిజాయితీయేనేమోనని మావకి ఒక అనుమానం. మంచి మనిషి.

ఇక మన తెలుగు గడ్డ మీద పుట్టిన బండి. మెదక్ ఎంపీగా ఉన్న ఇందిరాగాంధీ హయాంలో, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం పెట్టారు. రష్యా వాళ్ల బీఎంపీ-2ని 1987 నుంచి అక్కడ సారథ్ పేరుతో చేస్తున్నారు. 14 టన్నులు, 30 మిల్లీమీటర్ల తుపాకీ, ఏటవాలు గట్టునైనా ఎక్కుతుంది, ఏరడ్డం వస్తే గంటకు ఏడు కిలోమీటర్ల వేగంతో ఈదుకుపోతుంది. డైవర్షన్ కొట్టుకుపోయిన తాచేటికి ఇంతకంటే ఏం కావాలి? దాదాపు సంతకం పెట్టబోయాం. ఎంతమంది పడతారని మా ఆటో డ్రైవరు అడిగాడు. నడిపేవాళ్లు ముగ్గురు, వెనక ఏడుగురు, మొత్తం పదిమంది అని చెప్పాం.

‘పది మందికి పద్నాలుగు టన్నుల బండా! నా ఆటోలో పన్నెండు మందిని ఎక్కిత్తాన్నాను, కోడిపెట్టల్ని లెక్కెట్టకుండా’ అన్నాడు. కమిటీ ఆ ఫైలు మూసేసింది.

అసలు చిక్కు కొండ మీద ఉంది. మా మండలంలో ఆర్ల పంచాయతీ కొండ శివారు ఊళ్ల నుంచి నిండు గర్భిణుల్ని, జ్వరపడినవాళ్లని డోలీలో దించిన వార్తలు ఏళ్లుగా పేపర్లో వస్తున్నాయి. ఎంతగా అంటే ఆ ఫోటో ఏ సంవత్సరానిదో తేదీ చూస్తే తప్ప చెప్పలేం. కొండలకు బండి చెయ్యడం దేశానికి చేతకాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. 2020లో లడఖ్‌లో చైనాతో పేచీ వచ్చాక, అక్కడి ఎత్తులకు పెద్ద ట్యాంకులు బరువనిపించి, 25 టన్నుల జోరావర్ అనే తేలిక ట్యాంకు చేయించుకున్నారు. 2024 జూలైలో బయటపెట్టారు. కొండను తగ్గించలేక బండి బరువు తగ్గించారు. అక్కడితో ఆగలేదు. 2025 జనవరి 15న పుణెలో జరిగిన ఆర్మీ డే కవాతులో మర కంచరగాడిదలు నడిచాయి. నాలుగు కాళ్లు, కెమెరా కళ్లు, మెట్లెక్కుతాయి, గుట్టలెక్కుతాయి, గడ్డకట్టే చలిలోనూ ఆగవు. మోసేది మాత్రం పదిహేను కిలోల దాకానే. పురిటి నొప్పులు పడే మనిషిని దాని మీద దించాలంటే నాలుగైదు విడతలవుతుంది.

అందుకని కమిటీ డోలీని కూడా పోటీలోకి తీసుకుని, మిగతా బండ్లకి ఇచ్చినట్టే దానికీ ఒక వివరపత్రం తయారుచేసింది. బరువు: ఒక వెదురు బొంగు, ఒక దుప్పటి. సిబ్బంది: ముందొకరు, వెనకొకరు, భుజం మార్చుకోవడానికి ఇద్దరు. ఇంధనం: అంబలి. ఏరు దాటే సామర్థ్యం: మెడలోతు దాకా. రాత్రి దృష్టి పరికరం: ముందు నడిచేవాడి చేతిలో సెల్‌ఫోన్ లైటు. విదేశీ విడిభాగాలు: లేవు, నూటికి నూరు శాతం స్వదేశీ. ఆత్మనిర్భర్ కింద దిగుమతి నిషేధించే సామాన్ల జాబితాలు రక్షణ శాఖ వరసగా విడుదల చేస్తోంది కదా, వాటిలో డోలీ లేకపోవడం అన్యాయమని ఒక సభ్యుడు తీర్మానం కూడా పెట్టాడు.

ఈ కొండలకి రోడ్డెప్పుడు వస్తుందో చరిత్ర తిరగేసి కూడా చూశాం. వందేళ్ల కింద గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు ఉండేవాడు. కూలి ఎగ్గొట్టి కొండవాళ్ల చేత రోడ్డు పని చేయించాడు. ఆ కడుపుమంట ఉన్నవాళ్లే అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్లో తుపాకులు పోయాయి. ఆ తర్వాత మలబారు పోలీసులొచ్చారు, 1924లో అస్సాం రైఫిల్స్ వచ్చింది. మనకాలంలో చూస్తే 2016లో కేంద్రం నక్సల్ ప్రభావిత ప్రాంతాలకని ప్రత్యేకంగా రోడ్ల పథకం పెట్టింది. రోడ్డుకి అర్హత ఏమిటో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? డోలీ కర్ర తప్ప చేతిలో ఏమీ లేనివాళ్లు ఏ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవాలో తెలిస్తే చెప్పగలరు.

చివరికి దారి మావే చూపించాడు. ఆర్మీ డే కవాతు ఇదివరకు ఢిల్లీలోనే జరిగేది. 2023లో బెంగుళూరు తీసుకెళ్లారు, 2024లో లక్నో, 2025లో పుణె. ఊరూరా తిప్పుతున్నప్పుడు మా ఊరు మాత్రం ఏం పాపం చేసింది? ఒక ఏడాది ఈ బి.ఎన్. రోడ్డు మీదే, వడ్డాది నుంచి రోలుగుంట దాకా పెట్టండి. కవాతు అన్నారంటే తెల్లారేసరికి రోడ్డు పడుతుంది. తేదీ కూడా కలిసొచ్చింది. జనవరి 15 అంటే సంక్రాంతి రోజులు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కనక ట్రాఫిక్ మళ్లించే బాధ ఉండదు.

ట్యాంకులు రైలు మీద నర్సీపట్నం రోడ్ స్టేషన్ దాకా వస్తాయి. అక్కణ్నుంచి ఊరికి రోడ్డు మీదే రావాలి కనక వాటి వంతెన అవే తెచ్చుకోవాలని ఆహ్వానపత్రంలో షరతు రాశాం. కవాతయ్యాక దాన్ని మడిచి పట్టుకుపోకుండా రాత్రి కాపలా కాసే పని పంచాయతీకి అప్పగించాం.