పులికన్నా పెంటికలు మిన్న

పాతబస్తీలో పుట్టిన పిల్లవాడికి తొలి అడవి జూ. లాల్‌దర్వాజా అయినా, శాలిబండ అయినా, గౌలిపురా అయినా అదే వరస: పుట్టువెంట్రుకలు తీయించడం, బోనాలకు భుజాన ఎత్తుకుని తిప్పడం, ఆ తర్వాత ఏదో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ ఒకే ఆటోలో కుక్కుకుని బహదూర్‌పురా వెళ్లి వాడికి ఏనుగును చూపించడం. తప్పేం లేదు. 1963లో తెరిచిన నెహ్రూ జూ మీర్ ఆలం చెరువు పక్కనే 380 ఎకరాల్లో ఉంది. పెరట్లో అంత వినోదం పెట్టుకుని విజయవాడ రోడ్డు పట్టుకుని పోవడం ఎవరికైనా వెర్రిగానే తోస్తుంది. నేను ఆ వెర్రి పక్షానే వాదిస్తాను. పిల్లల్ని ముందు తీసుకెళ్లాల్సింది వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలికి. జూ సంగతి తర్వాత.

ఎందుకంటే జూలో పిల్లవాడు నేర్చుకునే మొదటి పాఠం, జంతువులు మన కోసమే కూర్చుని ఉంటాయని. ముందు బోర్డు, బోర్డు వెనక జంతువు. బోర్డుండి జంతువు కనబడకపోతే నాన్న కమ్మీలు తట్టి పిలుస్తాడు. అది పడుకుని లేవకపోతే అమ్మకు టికెట్టు డబ్బులు గుర్తొస్తాయి. ఈ చదువు పూర్తిచేసిన పిల్లవాణ్ణి వనస్థలిలో దింపితే అయిదు నిమిషాల్లో అడిగేస్తాడు: "డాడీ, పులి ఏడుంది?" పులి లేదు. ఒకప్పుడు నిజాముల వేటకు పనికొచ్చిన ఆ నేల 1975 నుంచి కృష్ణజింకల రక్షిత వనం. అక్కడి జింకకు మనతో ఏ ఒప్పందమూ లేదు. గడ్డిలోంచి తలెత్తి చూస్తుంది, మన వాలకం నచ్చకపోతే ఆటోలు కలలో కూడా ఎరగని వేగంతో వెళ్లిపోతుంది. మిగిలిన కుటుంబం ఎండలో నిలబడి, ఇక్కడికి రావాలన్న ఆలోచన ఎవరిదో తేల్చుకునే పనిలో పడుతుంది.

పులి లేని అడవి కూడా అడవేనా అనేవాళ్లున్నారు. పులులున్న అమ్రాబాద్ అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అంత చోటున్న పులి జీపు దారి పక్కనే వచ్చి ఎందుకు నిలబడాలి? అక్కడికి వెళ్లే పెద్దల్లో చాలామంది కొండముచ్చుల ఫోటోలతో తిరిగొచ్చి, పులి 'ఇప్పుడే వెళ్లిపోయిందని' చెబుతారు. అసలు పులి కావలసింది పెద్దవాళ్లకే. మూడేళ్ల పిల్లవాడి కళ్లు నేలకు మూడడుగులైనా ఎత్తులో ఉండవు. వాడి అడవి అక్కడే మొదలై అక్కడే పూర్తవుతుంది. తొలి వానలు పడ్డాక ఎర్ర మఖమల్ ముక్కలా పాకే ఆరుద్ర పురుగు, మెత్తటి మట్టిలో గరాటులాంటి గుంట తవ్వి అడుగున చీమ కోసం కాచుకున్న పురుగు, పుట్ట, పుట్ట మీద దారి. అన్నిటికన్నా ముఖ్యం, పెంటికలు. నవ్వకండి. మగ కృష్ణజింక తన హద్దును చాటుకోవడానికి పదే పదే అదే చోట పెంటికలు కుప్ప పోస్తుంది. మరో మగజింక వస్తే ఆ కుప్పను చూసి సంగతి గ్రహించాలి. మన గల్లీ మొదట్లో పహిల్వాన్ కుర్చీ వేసుకుని కూర్చోవడం లాంటిదే ఇది, కాకపోతే జింక పహిల్వాన్ తను లేనప్పుడు కూడా కుప్పను డ్యూటీలో ఉంచి వెళ్తాడు. జింక కనబడకపోయినా జింక రాజకీయం మొత్తం అక్కడే ఉంది. ఈ ప్రపంచంలో పెంటికల మీద ఎడతెగని ఆసక్తి ఉన్న జాతులు రెండే: పేడపురుగులు, అయిదేళ్లలోపు పిల్లలు. ఇంత గొప్ప విద్యార్థులను పెట్టుకుని, "ఛీ, ముట్టుకోకు, అటు చూడు, నెమలి" అంటూ పాఠం మధ్యలో ఆపేసేది మనమే. ముట్టుకుంటే చేతులు కడిగించవచ్చు కదా.

పిల్లలు గోల చేస్తే జంతువులు బెదిరిపోవా అంటారు. బెదురుతాయి. అయితే కృష్ణజింకకు పెద్ద కాపలాదారు దాని చూపు. బయలు నేలలో దూరాన ఏది కదిలినా పట్టేస్తుంది. కాబట్టి గుంట ముందు గొంతుక్కూర్చుని చీమను చూస్తున్న పిల్లవాడికన్నా, సెల్ఫీ కర్ర ఊపుతూ "అరే, ఇధర్ దేఖో" అని నలుగురిని పోగేసే మామయ్య వల్లే దానికి ఎక్కువ కంగారు. దస్తర్‌ఖాన్ పరిచి బిర్యానీ దేగ్చా మూత తీసేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక పాములు. ఈ భయాన్ని తీసిపారేయను. పాము కరిస్తే అర్ధరాత్రయినా తన దగ్గరికి తీసుకురమ్మని ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా అన్నాడని, ఆయన పేరు తలిస్తే విషం దిగుతుందని పాతబస్తీలో చెప్పుకునేవారు. ఆయన 1911లోనే పోయాడు, మక్కా మసీదు ప్రాంగణంలో ఉన్నాడు. మనకిప్పుడు బూట్లు, దారి తప్పకుండా నడవడం, పుట్టలో చెయ్యి పెట్టనివ్వకపోవడం, వేళకు ఆస్పత్రి, ఇవే దిక్కు. అందులోనూ నేలను చూస్తూ నడిచేది పిల్లవాడే. ఫోను చూస్తూ నడిచే నాన్నను వాడికి అప్పజెప్పడం మేలు.

జూ చేసే మంచి పని నాకు తెలియనిది కాదు. అక్కడ పెంచిన మూషిక జింకలను 2017లో అమ్రాబాద్‌లో వదిలారు. కుందేలంత ఉండే ఈ బిడియపు జంతువు అడవిలోకి వెళ్లాక ఎవరికీ కనబడకుండా బతకాలన్నదే అసలు ఉద్దేశం. అంటే చివరికి జూ కూడా నా వాదాన్నే ఒప్పుకున్నట్టు. రెండోసారో మూడోసారో జూకు వెళ్లినప్పుడు, ఈ జింక ఇక్కడెందుకుందని పిల్లవాడే అడుగుతాడు. ముందు వనస్థలి చూసినవాడికే ఆ ప్రశ్న పుడుతుంది.

ఒక్క ఆక్షేపణకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. జూలో బుల్లి రైలుంది. కూత కూస్తుంది, ఎక్కించుకుంటుంది, దిగమంటే పిల్లలు ఏడుస్తారు. వనస్థలిలో అలాంటిదేమీ లేదు, ఉండకూడదు కూడా. అందుకే ముందు వనస్థలి అంటున్నాను. ఒకసారి ఆ రైలెక్కినవాణ్ణి ఎత్తుకొచ్చి పెంటికల కుప్ప ముందు కూర్చోబెట్టడం పహిల్వాన్ వల్ల కూడా కాదు.