పాత బెంజి ఆసామి

పాత బెంజి ఆసామిని గుర్తుపట్టడానికి అతని కారును చూడనక్కరలేదు. నలుగురు కూర్చున్న చోట పెట్రోలు ధర ప్రస్తావనకు వచ్చినప్పుడు, అదీ ఒక ఖర్చేనా అన్నట్టు చిన్నగా నవ్వి, ఫోను తీసి, పోయిన నెల షెడ్డువాడిచ్చిన బిల్లు ఫొటోను చూపించే పెద్దమనిషి ఎవరో అతడే ఆసామి. బెంజి అన్నది ఇక్కడ ఒక్క కంపెనీకి పరిమితమైన మాట కాదు. బీఎండబ్ల్యూ, ఆడి, జాగ్వార్ వంటి ఖరీదైన బండిని కొత్తలో కొనే స్తోమత లేక, దానికి పదేళ్లు నిండాక సెకండ్ సేల్‌లోనో థర్డ్ సేల్‌లోనో కొన్న గృహస్థులందరూ ఈ వర్గం కిందికే వస్తారు. షోరూంలో కొత్త బండి కొన్నవాడు ఇందులో చేరడు, ఎందుకంటే వారంటీ గడువు ముగిసేలోపే దాన్ని వదిలించుకునే లోకజ్ఞానం అతనికి ఉంటుంది.

హైదరాబాదులో ఈ వర్గం వృద్ధి చెందడానికి ఢిల్లీ గాలి కూడా కొంత కారణం. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, అక్కడ వయసు మీరిన బండ్లు అయినకాడికి అమ్ముడుపోయి, ఎన్‌వోసీ అనే నిరభ్యంతర పత్రంతో దక్షిణాదికి తరలివచ్చాయి. వచ్చిన ప్రతి బండినీ ఎవరో డాక్టరుగారే నడిపారనీ, ఆయన దాన్ని ఆదివారం తప్ప బయటికి తీయలేదనీ డీలర్లు చెబుతారు కనుక, ఉత్తరాది వైద్యులకు మిగతా ఆరు రోజులూ నడకే గతి అయిందని చరిత్రకారులు భావించవలసి ఉంటుంది. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టి కొత్త నంబరు వేయించేటప్పుడే ఆసామికి మొదటి చురుకు తగులుతుంది గాని, కొన్న సంబరంలో దాన్ని లెక్కలోకి తీసుకోడు.

అసలు చిక్కల్లా బండి ధర పడిపోయినంత సులువుగా దాని విడిభాగాల ధర పడిపోకపోవడంలో ఉంది. కొత్తలో 50 లక్షలు పలికిన కారు పన్నెండేళ్లకు 8 లక్షలకు దిగివచ్చినా, దాని హెడ్‌లైటు మాత్రం తాను 50 లక్షల కారు తాలూకు హెడ్‌లైటునన్న సంగతి మరిచిపోదు; గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని పెద్దలన్నది ఇటువంటి సందర్భంలోనే. దీనికి తోడు అసెంబ్లీ అనే పద్ధతి ఒకటుంది. అంటే లోపల పోయింది ఒక చిన్న భాగమే అయినా దాన్ని విడిగా అమ్మక, చుట్టూ ఉన్నదంతా కలిపి ఒకే వస్తువుగా అమ్మడమన్నమాట. జడ్‌ఎఫ్ అనే జర్మన్ సంస్థ తయారుచేసే ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో చాలావాటికి ఆయిలు ఫిల్టరు, అడుగున ఉండే ప్లాస్టిక్ తొట్టిలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి, ఫిల్టరు మార్చాలంటే తొట్టినే మార్చాలి. ఆ ఆయిలు బండి జీవితకాలమంతా పనిచేస్తుందని కార్ల కంపెనీలు చెబితే, గేరుబాక్సు చేసిన సంస్థేమో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చమంటుంది. మొదటి మాట నమ్మి పదేళ్లు హాయిగా నడిపినవాడు మొదటి యజమాని. రెండో మాట నిజమని తేల్చుకోవలసిన వంతు ఆసామిది.

వీటన్నిటిలోకీ రసవత్తరమైనది ఎయిర్ సస్పెన్షన్. మామూలు కార్లలో చక్రాల దగ్గర ఉక్కు స్ప్రింగులుంటే, ఈ బండ్లలో కొన్నిటికి వాటి స్థానంలో గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. వాటికి గాలి కొట్టడానికి కంప్రెసరు, ఎత్తు కనిపెట్టడానికి సెన్సర్లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మడతల దగ్గర పగుళ్లిచ్చి, కంటికి కనిపించనంత సన్నగా గాలి జారడం మొదలవుతుంది. రాత్రి నిటారుగా నిలబెట్టిన కారు తెల్లారేసరికి ఒక మూల కూలబడి ఉంటుంది. ఎదురు ఫ్లాటు ఆయన ఇదేమిటని అడిగితే, ఎక్కేవాళ్లకు వీలుగా ఉండాలని బండి తనంతట తానే వంగుతుందండీ, జర్మన్ టెక్నాలజీ అని ఆసామి తొణకకుండా జవాబిస్తాడు. ఇంజిను వేశాక కారు మూలుగుతూ లేచి నిలబడుతుంది, ఆసామి పరువూ దానితోపాటే లేస్తుంది. అయితే జారిన గాలిని నింపడానికి కంప్రెసరు వేళాపాళా లేకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది కనుక, ఒక తిత్తి మార్చడానికి బద్ధకించినవాడు చివరికి తిత్తితోపాటు కంప్రెసరు కూడా కొనుక్కుంటాడు.

బీమా ఆదుకుంటుందనుకోవడం అమాయకత్వం. బండికి కంపెనీ ఒప్పుకునే విలువను ఐడీవీ అంటారు. అది ఐదేళ్లు నిండేసరికే సగానికి పడుతుంది, ఆ తరవాతంతా ఇరుపక్షాల బేరమే. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకూ బ్యాటరీకీ 50 శాతం తరుగు కోస్తారు. అదీ ప్రమాదం జరిగితేనే గాని, అరిగి పోయినవాటికి పైసా రాదు. ఎదురుగా అడ్డదిడ్డంగా వస్తున్న ఆటోను ఆసామి ఆశగా చూసే క్షణాలు ఇందువల్లనే కలుగుతుంటాయి. 2025 సెప్టెంబరులో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన వార్తను పండగ చేసుకున్నదీ ఇతడే; మిగిలే డబ్బు చూసుకొని, వాయిదా వేస్తూ వచ్చిన కంట్రోల్ ఆర్ములు నాలుగూ మార్పించి, మిగిలినదానికి పదింతలు ఖర్చుపెట్టాడు.

షోరూం ఎస్టిమేటు చూశాక ఆసామి సహజంగానే బయటి షెడ్డును ఆశ్రయిస్తాడు. అక్కడి మేస్త్రి స్కానరు పెట్టి, తెర మీద వరసగా దిగే ఎర్రర్ కోడ్లను వైరాగ్యంతో చదివి, ‘సార్, ఇది ఒక్కటి మారిస్తే కాదు, సెట్టే మార్చాలె, పెద్ద బండ్లు గట్లనే ఉంటయి’ అంటాడు. ఆ ‘పెద్ద బండ్లు’ అన్న రెండు మాటలకే ఆసామి సగం బిల్లు చెల్లించడానికి సిద్ధపడతాడు. ఆ తరవాత పార్టు కోసం పుత్లీబౌలి దుకాణాలన్నీ గాలించడం, దొరక్కపోతే ఢిల్లీ మాయాపురి పాతసామాన్ల బజారుకు ఫోన్లు చేయడం అతని దినచర్యలో భాగమవుతాయి. ఈ తిరుగుడంతా అతడు తిరిగేది పాత వ్యాగన్ఆర్ మీద. ఆ రెండో కారు లేని పాత బెంజి ఆసామి అరుదు. దానికి ఏ రోగమూ రాదు కనుక దాని ప్రస్తావన ఎప్పుడూ రాదు.

ఇంత బాధ పడుతూ ఎందుకు ఉంచుకున్నాడని ఇంట్లోవాళ్లు అడుగుతారు గాని, అతడు చెప్పుకునేది బాధేనా అన్నది ఆలోచించవలసిన విషయం. కారు విలువ పడిపోయిందని ఊరందరికీ తెలుసు. అది ఇప్పటికీ గొప్పదేనని రుజువు చేసే పత్రం ఆ బిల్లు ఒక్కటే. అందుకే ఏడాదికోసారి అమ్మేస్తానని ప్రకటించి, వచ్చినవాడు 5 లక్షలంటే, మొన్ననే కొత్త కంప్రెసరు వేయించానని మొహం ముడుచుకుంటాడు. కొనేవాడికి కొత్త కంప్రెసరు మీద గౌరవం లేదు, పాత గేరుబాక్సంటే భయం మాత్రం ఉంది కనుక బేరం తెగదు. అతడటు వెళ్లగానే షెడ్డు నుంచి ఫోను వస్తుంది: వెనక ఎడమవైపు తిత్తి కూడా జారుతోందట, రెండూ జతగా మారిస్తేనే మంచిదట. ఆసామి ధర అడిగి, చెప్పింది స్పష్టంగానే వినిపించినా, ‘ఎంతా? లక్షా ఇరవై వేలా?’ అని పక్కగదిలో టీవీ చూస్తున్న బావమరిదికి వినబడేలా రెట్టించి అడుగుతాడు.