కంటిపాప గుండా: ఒక ఆఫ్తాల్మోస్కోప్ ఆత్మకథ

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక కంటి క్లినిక్. అక్కడి డాక్టరమ్మ తెల్లకోటు జేబే దాని ఇల్లు. పేరు ఆఫ్తాల్మోస్కోప్. వచ్చినవాళ్లు మాత్రం 'బత్తి' అంటారు. చెబుతున్నది తన కథే అయినా 'నేను' అనదు. ఏళ్ల తరబడి కేసు షీట్ల భాష వింటూ బతికింది కదా, తన సంగతి కూడా పేషెంటు సంగతిలాగే చెబుతుంది.

వరంగల్‌లో 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో డాక్టరమ్మ దాన్ని కొనుక్కుంది. వంశం మాత్రం జర్మనీది. మూలపురుషుడు హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్. 1851కి ముందు డాక్టర్లకు కంటిపాప ఒక నల్లటి చుక్కే. లోపలికి పోయిన వెలుగు వచ్చిన దారినే బయటికి వస్తుంది. దాన్ని చూద్దామని వంగితే తల దీపానికి అడ్డం. ఆయన గాజు పలకలను ఏటవాలుగా నిలిపి ఆ చిక్కు విప్పాడు. ఇప్పుడు ఆ పని చిన్న బల్బు, అద్దం, తిప్పుకునే లెన్సుల చక్రం చేస్తున్నాయి.

గదిలో లైటు ఆర్పి డాక్టరమ్మ చెంపకు చెంప తగిలేంత దగ్గరికి వంగుతుంది. లోపల రెటీనా అనే నారింజ రంగు నేల, దాని మీద కొమ్మలు వేసిన రక్తనాళాలు. ముక్కు వైపుకు జరిగితే లేత రంగు గుండ్రం, అడ్డం ఒకటిన్నర మిల్లీమీటరు. కంటి నరం బయల్దేరేది అక్కడే. ఆ గుండ్రం మీద వెలుగును పట్టే కణం ఒక్కటీ ఉండదు. అందుకే ప్రతి కంటికీ ఒక గుడ్డిచోటు ఉంటుంది. కోత లేకుండా, బతికున్న మనిషిలో మెదడు నరాన్ని నేరుగా చూడగలిగేది ఇక్కడే. బత్తికి కాస్త గర్వం ఉందంటే అది ఇందుకే.

ఒక్కో రెటీనాలో వెలుగును పట్టే కణాలు పన్నెండు కోట్లకు పైమాటే. నరంలో పోగులు మాత్రం సుమారు పన్నెండు లక్షలు. కొత్తవాడ మగ్గం మీది పడుగులా అవి పక్కపక్కనే సాగుతాయి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి అంచులు, తేడాలు, కదలికలు ఏరి పంపే పని రెటీనాలోనే అయిపోతుంది. దాదాపు ఐదు సెంటీమీటర్ల ఆ నరం ఎముకలోని సొరంగం దాటి, మెదడు కింద రెండో కంటి నరంతో కలుస్తుంది. అక్కడ ముక్కు వైపు నుంచి వచ్చిన పోగులు అవతలి పక్కకు మారతాయి, చెవి వైపువి మారవు. అలా రెండు కళ్లకూ ఎడమవైపు కనిపించేదంతా కుడి మెదడుకు చేరుతుంది. తర్వాత థాలమస్‌లో ఒక మజిలీ, చివరికి తల వెనకభాగం. అంత దూరం బత్తి చూపు ఆనదు, ఎమ్మారై కావాల్సిందే.

"మోతిబిందు తీయించుకున్నా కనవడ్తలేదు బిడ్డా, అద్దాలు మార్చు" అంటూ పరకాల నుంచి ఒక అవ్వ వచ్చింది. గుండ్రం మధ్యలోని గుంట అంచుల దాకా పెరిగి, తెల్లగా పాలిపోయి ఉంది. నీటికాసులు, అంటే గ్లాకోమా. చచ్చిన పోగు మళ్లీ మొలవదు. చుక్కల మందు మిగిలినదాన్ని కాపాడుతుంది, అంతే. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం కంటి వెలుగు ఊరూరా అద్దాలు పంచింది. మంచి పనే. కానీ అక్షరాల చార్టులో చివరి వరుస గడగడా చదివేసే మనిషికి కూడా నరం సగం పోయి ఉండొచ్చు. నొప్పి ఉండదు, పక్కచూపు ముందు పోతుంది, మనిషికి తెలియదు. నలభై దాటినవాళ్లు అద్దాల కోసం వచ్చినా నరం చూడకుండా పంపకూడదని డాక్టరమ్మ పంతం.

అన్నీ బత్తికే దొరుకుతాయని కాదు. టీబీకి వాడే ఇథాంబ్యూటాల్ కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మొదట్లో గుండ్రం మామూలుగానే కనిపిస్తుంది, ఎరుపు ఆకుపచ్చల తేడా మాత్రం చెదురుతుంది. దాన్ని పట్టేది రంగుచుక్కల ఇషిహారా పుస్తకం. బల్లమీది ఆ పుస్తకమంటే బత్తికి కొంచెం కుళ్లు.

ఒకసారి నయీంనగర్ నుంచి ఒక అమ్మాయి తలనొప్పితో అద్దాలకని వచ్చింది. రెండు కళ్లలోనూ గుండ్రం ఉబ్బి అంచులు చెరిగిపోయాయి. మెదడు పొరలే నరాన్ని కూడా చుట్టి ఉంటాయి కాబట్టి తలలో ఒత్తిడి పెరిగితే ఇక్కడ వాపు కనిపిస్తుంది. ఆ సాయంత్రమే స్కాన్ తీశారు. గడ్డ లేదు, మెదడు చుట్టూ ఉండే నీటి ఒత్తిడే పెరిగింది. మందులతో కొన్ని నెలలకు అంచులు తేరుకున్నాయి. అద్దాలు మాత్రం ఆ అమ్మాయికి అవసరమే పడలేదు.