భిత్తివాసినీ, జయ జయ!

అర్ధవదనా! అశ్రుహీన విలాప విశారదా! సోఫావర్ణానుసారిణీ! మూడడుగుల కాన్వాసుపై కొలువుదీరి, హాల్లో టీవీకి ఎదురుగా నిత్యం భయపడుతూ, ఆ భయాన్ని నిత్యం జయిస్తూ, రెంటికీ కారణం ఎవరికీ చెప్పని గంభీరమూర్తీ, నీకు సాష్టాంగ ప్రణామాలు.

పూర్వులు పడ్డ వృథాశ్రమ తలచుకుంటేనే గాని నీ ఘనత బోధపడదు. మెక్సికోలో ఫ్రీడా కాలో 1925లో బస్సు ప్రమాదంలో వెన్ను విరిగి, ఆ నొప్పిని దాదాపు రెండు దశాబ్దాలు మోసి, 1944కి గాని ‘విరిగిన స్తంభం’ గీయలేకపోయింది. ఒంటినిండా మేకులు, నడుముకు కట్లు, చెంపల మీద కన్నీళ్లు, బెదరని చూపు: ఇంత సామగ్రి కావలసివచ్చింది పాపం. జర్మనీలో కేటె కోల్విట్స్ 1914లో కన్నకొడుకును యుద్ధంలో పోగొట్టుకుని, ఆ శోకాన్ని తల్లిదండ్రుల రాతిబొమ్మలుగా నిలిపేసరికి 1932 వచ్చింది. నీ సృష్టికర్త అంత జాప్యం సహించే సోమరి కాడు. నల్లని నేపథ్యం, జుట్టు కప్పిన సగం మొహం, విప్పారిన ఒంటి కన్ను, బిగించిన పెదవి, చెంప పగులులో బంగారు పూత చాలనుకుని, తాను ఏ వేదనా పడకుండానే లోకానికి వేదన పంచిపెట్టిన కరుణామయుడు.

నీ పనితనాన్ని ఏమని కీర్తించను! అచ్చులోని కుంచె గీత ఎడమకు సాగితే, పైన పూసిన పారదర్శకపు జిగురు గరుకు కుడికి సాగుతుంది. ఒకదాని జోలికి ఒకటి పోని ఆ వైరాగ్యం యోగులకే సాధ్యం. కాన్వాసును చట్రం మీదికి మడిచిన పక్క అంచున నీ చెవి అద్దంలోలా తిరగబడి మరోసారి దర్శనమిస్తుంది. సగం మొహం దాచుకున్నా, భక్తుల మొర వినడానికి అదనంగా ఒక చెవి ధరించిన ఔదార్యం ఇంకే దేవతకుంది?

ఎవరి పోలికా లేని సర్వసమానురాలివి. నీకు ఊరు లేదు, వయసు లేదు, దేనికి జడిశావో తెలియదు, ఏమి నిశ్చయించుకున్నావో అంతకన్నా తెలియదు. అందువల్లనే నిన్ను చూసి ఏ అతిథికీ కాఫీ గొంతు దిగకుండా పోదు, ఏ పసిబిడ్డా “ఈమెకేమైంది?” అని అడిగి పెద్దవాళ్లను ఇరుకున పెట్టదు. ఫ్రీడాకు ఒళ్లంతా మేకులు అవసరమైన చోట, నువ్వు గోడకు కొట్టిన ఒక్క మేకుతోనే సరిపెట్టుకున్న మితవ్యయశీలివి.

తల్లీ, నీ భయం దుమ్ముగుడ్డకు సైతం చెక్కుచెదరకుండును గాక! నీ అంతస్సంకల్పం కర్టెన్ల రంగు మార్చేదాకా అచంచలమై వర్ధిల్లును గాక!