ఒక లాగ్ పంక్తికి బళ్లారి టీక

మూలం: “సర్వర్ గ్రేస్‌ఫుల్లీ స్టాప్డ్.”

అవతారిక. పాత వెర్షన్‌ను దించి కొత్తది ఎక్కించే ప్రతిసారీ సర్వర్ లాగ్ చివర ఈ పంక్తి రాసుకొని నిష్క్రమిస్తుంది. ఆశ్వాసాంత గద్యలో కవి కూడా తన బిరుదులు తానే చెప్పుకుంటాడు. అయితే అక్కడ పైన కావ్యమంటూ ఒకటి ఉంటుంది. ఇక్కడ ఉందా అన్నదే విచారణ. ప్రతిపదార్థం అందరికీ తెలిసిందే కనుక వదిలేస్తున్నాం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చిన కోలాచల మల్లినాథసూరి మాకు ప్రమాణం. ఆ మాటలో రెండో సగాన్ని వచ్చే పేరాలోనే తప్పబోతున్నాం.

విశేషం. ముగింపుల గురించి మాట్లాడే అధికారం బళ్లారికి దండిగా ఉంది. సంస్కృత నాటకంలో చివరిది నిర్వహణ సంధి. దానికి 14 అంగాలు, ఆఖరి రెండూ కావ్యసంహారం, ప్రశస్తి. వేసిన ముడులన్నీ విడిపోయాకే భరతవాక్యం. నాయకుడు రంగం మీద చావరాదు. ఈ కట్టుబాటును బళ్లారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధరతో కాదని, తెలుగు నాటకానికి విషాదాంతం తెచ్చారు. మల్లినాథుడి ఇంటిపేరే ఉన్న కోలాచలం శ్రీనివాసరావు కూడా ఈ ఊరి వకీలే. ఆయన విజయనగర పతనాన్ని రామరాజు చరిత్రగా నాటకం కట్టారు. అందులో పఠాన్ రుస్తుం వేషం బళ్లారి రాఘవకు ఎంత పేరు తెచ్చిందో పాత నాటకాలవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చూడండి, ధర్మవరం వారు సంప్రదాయాన్ని మీరారే గాని కథను నడిమధ్య వదిలి తెర దించలేదు. విషాదాంతమైనా అంతమే. టికెట్టు కొన్నవాడికి చివరిదాకా కథ దక్కింది. రంగస్థలం గురించి ఇంకా చాలా ఉంది గానీ, సర్వర్ ఆగిపోతూ ఉందని గుర్తొచ్చింది.

వ్యాఖ్య. సర్వర్‌ను ఆపమనే సంకేతాలలో రెండు ముఖ్యం. సిగ్‌టర్మ్, సంఖ్య 15: సర్దుకొని పొమ్మని చెప్పడం. సిగ్‌కిల్, సంఖ్య 9: దీనికి జవాబు చెప్పుకునే వీలే లేదు. రెంటికీ నడుమ కుబర్నెటీస్ మామూలుగా 30 సెకన్లు గడువిస్తుంది, డాకర్ 10. ఆ గడువులో చేయవలసిన పని వరసగా ఇది: కొత్తవాళ్లను రానీయకపోవడం, లోపలున్న అభ్యర్థనలు పూర్తి చేయడం, ఆ తర్వాతే డేటాబేస్ కనెక్షన్లు మూయడం. ఈ వరస తలకిందులైతే, ఆఖరి అభ్యర్థన డేటాబేస్ తలుపు తట్టేసరికి తాళం పడి ఉంటుంది. గో భాషలో 2017 నాటి 1.8 వెర్షన్ నుంచి దీనికి షట్‌డౌన్ అనే ఫంక్షనే ఉంది. అందులోనే మెలిక కూడా ఉంది. షట్‌డౌన్ అనగానే, కొత్త అభ్యర్థనల కోసం కాచుకునే భాగం వెంటనే తిరిగొస్తుంది. ప్రధాన ప్రోగ్రాం అదే ముగింపనుకొని మూల పంక్తి అచ్చేసి వెళ్లిపోతుంది. నడుస్తున్న అభ్యర్థనలు అక్కడికక్కడే తెగుతాయి. షట్‌డౌన్ తిరిగొచ్చేదాకా ఆగమని డాక్యుమెంటేషన్ స్పష్టంగానే చెబుతుంది. చదివేదెవరు? పంక్తి అందంగా పడింది, డాష్‌బోర్డు పచ్చగా ఉంది, అంతే.

ఆ తెగిన అభ్యర్థన మాత్రం ఒక మనిషిది. ఇల్లు బళ్లారిలో, పొలం రాయదుర్గం దగ్గర ఉన్న రైతుకు రెండు రాష్ట్రాల సర్వర్లతో పని. ఫీజు తెగుతుంది, రసీదు రాదు. కౌంటరులో ఒకవైపు “సర్వర్ ఇల్ల”, మరోవైపు “సర్వర్ లేదు”. డబ్బు ఏమైందని అడిగితే రేపు రమ్మంటారు. రేపటి కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు ఏ లాగ్‌లోనూ పంక్తి లేదు.

పూర్వపక్షం. “కరెంటు పోతే ఎలాగూ తెగుతుంది కదా, ఎప్పుడు కూలినా తట్టుకునేలా కట్టాక ఈ మర్యాదలెందుకు?” అంటారు. క్రాష్-ఓన్లీ సాఫ్ట్‌వేర్ పేరుతో 2003లో పరిశోధకులు చేసిన వాదనకు ఇది వారసత్వం. అందులో బలముంది, ఒప్పుకుంటాం: కూలినా లేచేలా కట్టనివాడికి షట్‌డౌన్ ఫంక్షను రక్ష కాదు. కానీ కరెంటు చెప్పి పోదు, డిప్లాయ్‌మెంటు చెప్పి చేసేది. “మళ్లీ నొక్కితే సరి” అన్నది రెండో ఆక్షేపణ. పేజీ చూడటానికి సరే; డబ్బు కట్టే బటన్ రెండోసారి నొక్కితే రెండుసార్లు తెగదని హామీ ఇచ్చే తాళం కోడ్‌లో ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. ఇంత పెద్ద వ్యవస్థలో వరస పాటించడం సాధ్యమా అంటారా, 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లానే రెండు రాష్ట్రాలకు పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతావి మైసూరుకు. ఆ పంపకం న్యాయమా కాదా అన్న తగువు వేరే. నడుస్తున్న వ్యాజ్యాలు ఆ తేదీ తర్వాత ఎవరి ముందుకు పోవాలో మాత్రం చట్టంలోనే రాసిపెట్టారు. సిగ్‌టర్మ్ లేని కాలపు గుమాస్తాలు చేసిన పని అది.

తాత్పర్యం. ఈ పంక్తి రాసే ఇంజనీర్లకు మనవి: పక్కనే రెండు అంకెలు వేయండి, పూర్తయిన అభ్యర్థనలెన్ని, తెగినవెన్ని. రెండోది సున్నా కానినాడు “గ్రేస్‌ఫుల్లీ” కొట్టేసి, ఉత్త “స్టాప్డ్” అని రాయండి.