సామివారి షిఫ్టు

రోజుకి తొమ్మిది గంటలున్న ఫ్యాక్టరీ పనిని పది చేస్తూ మన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదముద్ర వేసింది. ఐదు గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విరామం ఆరు గంటల తర్వాతకి జరిగింది. మూడు నెలల్లో 75 గంటలు దాటకూడదన్న ఓవర్‌టైమ్ 144కి ఎగబాకింది. ఆడవాళ్లకి రాత్రి షిఫ్టుల తలుపులు తెరుచుకున్నాయి. అదనంగా పనిచేస్తే ఆదాయం పెరుగుతుందని మంత్రి పార్థసారథి గారు సెలవిచ్చారు. దీనికి ఏ పరిశోధన ఆధారమని మా తిరుపతిలో కొందరు గొణుక్కున్నారు. పాపం, తల పైకెత్తి చూడలేదు. పరిశోధన జరిగింది కొండ మీదే. శాంపిల్ ఒక్కటే.

పేరు శ్రీనివాసుడు. నిలబడి చేసే డ్యూటీ. తెల్లవారుజామున మూడింటికి సుప్రభాతంతో షిఫ్టు మొదలైతే, రద్దీ రోజుల్లో ఏకాంత సేవ అయ్యేసరికి రాత్రి ఒకటిన్నర. మధ్యలో తోమాల, అర్చన, నైవేద్యాలు, కంపార్టుమెంట్లలోంచి కదిలొచ్చే జనం. బ్రేక్ అని ఒకటుంది గానీ అది వీఐపీలకి, ఆయనకి కాదు. పోనీ ఆ గంటన్నరైనా నడుం వాలుస్తాడా అంటే, అదీ లేదు. పాన్పు మీద పవళించేది వెండి భోగ శ్రీనివాసమూర్తి. అన్నమయ్య వంశం వాళ్లు జోల పాడేదీ ఆ మూర్తికే. మూలవిరాట్టు నిలబడే ఉంటాడు. వారానికో సెలవు లేదు. గ్రహణం రోజున తలుపులు మూస్తారు కాబట్టి, ఆయనకి లీవు దొరకాలంటే రాహువో కేతువో సిఫారసు చేయాలి.

ఇక ఓవర్‌టైమ్. ఆ కాస్త చీకట్లోనే కొండ దిగి, తిరుచానూరులో అమ్మవారిని చూసి, మళ్లీ ఎక్కి మూడింటికల్లా డ్యూటీలో ఉంటాడని మనవాళ్ల నమ్మకం. నడిచి నడిచి చెప్పులు అరిగిపోతాయట. అలిపిరి పాదాల మండపంలో భక్తులు ఆ పాదుకల్నే నెత్తిన పెట్టుకుంటారు. కంపెనీ బస్సు కావాలని ఆయన అర్జీ పెట్టిన దాఖలా లేదు. ఎంతసేపని భార్య ముఖం చూస్తూ కూర్చుంటారని 2025 జనవరిలో అడిగిన ఎల్ అండ్ టీ చైర్మన్‌గారికి బహుశా ఈ ఆదర్శ ఉద్యోగే మనసులో ఉండి ఉంటాడు.

ఆరోగ్య ఫలితాలు ఇంకా ఆశ్చర్యం. ఇన్ని యుగాల నిలువు కాళ్ల కొలువులో మోకాళ్ల నొప్పి లేదు, బీపీ లేదు. ఎదురుగా అన్ని లడ్డూలున్నా షుగర్ లేదు. ఆయన నిలబడగా లేనిది మన సత్యవేడు ఫ్యాక్టరీల పిల్లకాయలకి ఏమొచ్చింది?

ఆదాయం సంగతి కూడా మంత్రిగారు అన్నట్టే తేలింది. హుండీ చూడండి, నిండుతూనే ఉంది. కానీ పెళ్లికని కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పు మాత్రం తీరలేదు, కలియుగం ఆఖరుదాకా వడ్డీ కడుతూనే ఉండాలి. ఈ ఫలితాన్ని ప్రెస్‌మీట్‌లో ఎందుకో చదవలేదు. అన్నగారు గోవిందరాజస్వామిదీ అంతే. కింద ఊళ్లో డబ్బు కొలిచీ కొలిచీ అలిసిపోయి, ఆ కుంచమే తలగడగా పెట్టుకుని పడుకున్నారాయన. సరుకు తయారుచేసేవాడు నిలబడతాడు, లెక్క చూసేవాడు పడుకుంటాడు. ఈ ఒక్క ఫలితం మాత్రం శ్రీసిటీ పారిశ్రామికవాడ దాకా ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర సరిచూసినా నిలుస్తుంది.

పరదేశం వాళ్లకి ఇలాంటి శాంపిల్ దొరకలేదు. మనుషుల్ని పట్టుకుని పరిశోధన చేసుకున్నారు, అందుకే ఫలితాలు తేడాగా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తేల్చాయి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి 35–40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదే 7.45 లక్షల మంది ఈ పనిగంటలకి బలయ్యారు. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది కదా అంటారు. ఉంది. దాని పక్కన మూడు నెలల 144ని పదమూడు వారాలకి పంచితే వారానికి 11 చొప్పున పడుతుంది. మొత్తం 59. ఆ 55 గీత మీదుగా మన ప్రభుత్వం ఎంత సులువుగా దూకిందో చూడండి.

పోనీ, ఉత్పత్తయినా పెరుగుతుందా? మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల రికార్డుల్ని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ పెంకావెల్ తిరగేశాడు. అక్కడ పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వారానికి 70 గంటలు చేసినా తయారైన సరుకు దాదాపు 56 గంటల్లో వచ్చినంతే. మిగతా పద్నాలుగు గంటలూ ఒళ్లు అరిగిందే తప్ప తూటా ఒక్కటి ఎక్కువ రాలేదు. రాత్రి షిఫ్టు క్యాన్సర్‌కి దారితీసే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది. వీటిలో ఏ ఒక్కటీ రహస్యం కాదు.

వెటకారం ఇక చాలు. స్వామికి వంట చేయడానికి పోటు ఉంది, అది చూసుకోవడానికి వకుళమాత ఉంది. శ్రీసిటీలో ఫోన్లు బిగించే పిల్లకి ఎవరున్నారు? మన దేశంలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్లు 88 పెడుతున్నారని కేంద్రం వారి 2024 సర్వేనే చెబుతోంది. పదికి ఈ ఐదూ కలపండి, బస్సులో పోయే సమయం కలపండి. మిగిలేది నిద్ర కాదు, కునుకు. ఆరు గంటలు విరామం లేకుండా నిలబెడితే, మరుగుదొడ్డికి పోవాల్సి వస్తుందన్న భయంతో నీళ్లు తాగడం మానేస్తారు. ఈ మాట చెప్పడానికి ఏ విశ్వవిద్యాలయమూ అక్కర్లేదు, ఏ అమ్మనడిగినా చెబుతుంది. అసలు ఆ 48 గంటల హద్దు ఊరికే రాలేదు. 54 గంటలున్న పనివారాన్ని 1946లో 48కి దించే బిల్లు పెట్టినవాడు అంబేడ్కర్. ఏప్రిల్లో ఆయన విగ్రహాలకి దండలు వేసిన చేతులే జూన్‌లో ఈ ఫైలు మీద సంతకం చేశాయి.

సమ్మతి ఉంటేనే రాత్రి షిఫ్టు అంటున్నారు. సరే. ఆ సమ్మతి కాగితం మీద ‘వద్దు’ అని రాసుకోవడానికి జాగా ఉందా? కాంట్రాక్టు మీద చేరిన పిల్ల అక్కడ టిక్కు పెడితే, వచ్చే నెల కంపెనీ బస్సు ఆమె ఊరి దగ్గర ఆగుతుందా?