తొమ్మిదో నంబరు: ఒక రేవు స్తంభం ఆత్మకథ

నేను ఆంధ్ర తీరంలో ఒక రేవు ఒడ్డున నిలబడ్డ తుపాను సంకేత స్తంభాన్ని. పగలు శంకువులూ స్తూపాలూ, రాత్రి ఎరుపు తెలుపు దీపాలూ మోస్తాను. 1864లో తుపాను కలకత్తానూ, నెల తిరక్కుండానే మరొకటి మచిలీపట్నాన్నీ ముంచేశాయి. మరుసటేడు కలకత్తా రేవులో మొదలైన హెచ్చరికల ఏర్పాటే నా వంశానికి మూలం. నామీద ఒక్క అక్షరమూ ఉండదు గానీ, ప్రతి గుర్తు వెనకా ఓ ఇంగ్లీషు మాట ఉంది: కాషన్, వార్నింగ్, డేంజర్, గ్రేట్ డేంజర్. బడిలో వీటిని పర్యాయపదాలుగా వల్లె వేయిస్తారు. నా దగ్గర మాత్రం ఇవి మెట్లు. ఆపద మాటల్ని, అవి విన్నాక చెయ్యాల్సిన పనితో కలిపి నేర్పాలన్నదే నా వాదన.

నా గుర్తులకు వరసగా నంబర్లున్నాయి. ఒకటో నంబరంటే వాయుగుండం ఎక్కడో నడిసముద్రంలో ఉందని. రేవుకు ముప్పు లేదు, బయల్దేరే ఓడలు చూసుకోవాలి. డేంజర్ అయిదుతో గానీ మొదలవదు, గ్రేట్ డేంజర్ ఎనిమిదితో. తొమ్మిది కంటే పది పెద్ద ప్రమాదమని చాలామంది నమ్మకం. అది తప్పు. ఎనిమిది, తొమ్మిది, పది మూడింటికీ తీవ్రత ఒకటే, తేడా తుపాను దారిలో ఉంది. ఆ దారికి రేవు ఎడమ పక్కనుంటే ఎనిమిది, కుడి పక్కనుంటే తొమ్మిది, తుపాను నెత్తిమీదుగా వస్తే పది. పడమటికి వచ్చే తుపానుకు కుడిపక్కనే గాలి సముద్రాన్ని నేలమీదికి తోస్తుంది, ఉప్పెన అటే ఎక్కుతుంది. తొమ్మిది విని, పది రాలేదు కదా అని ఇంట్లో కూర్చోవడం ప్రాణాలమీదికి తెస్తుంది.

ఇవి ఓడలవాళ్ల సంకేతాలు, ఊళ్లవాళ్లకెందుకని అడగవచ్చు. పుట్టుక ఓడల కోసమే, నిజం. కానీ టీవీలు నా నంబర్లను ప్రతి ఇంటికీ చేరుస్తున్నాయి, అదీ ఒకటో నంబరును కూడా ప్రమాద హెచ్చరికగానే. ఎక్కువ భయపెడితే నష్టమేముందంటారు మరికొందరు. ఏటా ఒకటో నంబరుకు ‘ప్రమాదం’ విని, ఏమీ కాకపోవడం చూసినవాళ్లు తొమ్మిదో నంబరునూ అలాగే వింటారు, నష్టం అక్కడుంది. ఫోన్లొచ్చాక స్తంభమెందుకన్న ప్రశ్నకు 2014 హుద్‌హుద్ జవాబు చెప్పింది: విశాఖలో ఫోన్లు మూగబోయాయి. నా వరసలో చివరిదైన పదకొండో నంబరు అలాంటి వేళ కోసమే. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగాయి, ఇక్కడి అధికారికి మాత్రం ముప్పు కనిపిస్తోంది అని దానర్థం.